పదిహేనుకి పదిహేను

నేను ఒక దారం ముక్కను. పరీక్ష హాల్లో అదనపు కాగితాలను జవాబు పుస్తకానికి కలిపి కట్టేది నాతోనే. పుట్టింది పత్తిలో, పనిచేసింది విపత్తిలో. కట్టడమే వృత్తి కదా అని కట్టుకథలు చెబుతాననుకోకండి. అవి రాసేవాళ్లు నా చుట్టూ బెంచీల నిండా ఉండేవారు.

మిల్లులో వడికి కండెకు చుట్టారు. కండె మీద ఉన్నన్నాళ్లూ అండ ఉండేది. నా తోటి కండెలు రవికల కుట్టుకీ, పూలమాలలకీ వెళ్లాయి. నన్ను గోదావరి పక్కనున్న ఓ డిగ్రీ కాలేజీ అటెండరు కొనుక్కుపోయి కత్తెరేశాడు. ఒక్క ముక్క రానివాళ్లకి కూడా తలా ఒక ముక్క దక్కింది.

ఇన్విజిలేటరు వీర్రాజు మాస్టారిది ఒక పద్ధతి. చివర్లో దారం కోసం తోపులాట ఉండకూడదని మొదట్లోనే బెంచీకొక ముక్క పెట్టేసేవాడు. నేను సత్యవేణి ముందు పడ్డాను. తెలుగు చదివే చివరి సంవత్సరం పిల్ల. నుదుట బొట్టు లేదు. మాస్టారు ఆగి, ఏమ్మా అలా ఉన్నావని అడిగాడు.

"మా అమ్మ పోయిందండి. దినం కూడా అవలేదండి."

"మరి పరీక్షకెలా వచ్చేవే తల్లీ?"

"ఇది తప్పితే ఇంక చదువు మానిపించేస్తానన్నాడండి మా పెదనాన్న. ఇంట్లో వంటకి మనిషి లేదు కదండీ."

మాస్టారు ప్రశ్నపత్రం ఇచ్చాడు. అందులో పెద్ద ప్రశ్నకి ఓ కవిత ఇచ్చి, కవి శోకాన్ని చిత్రించిన తీరు విశ్లేషించమన్నారు. తల్లి పోయిన ఇంటి గురించి. ప్రశ్నలు తయారుచేసేవాళ్లకి ఎవరింట్లో ఏం జరిగిందో తెలియదు, పాపం. తెలిసినా మార్చరు.

పెద్ద ప్రశ్న ముందు రాసేసి చిన్నవి చివర్లో చకచకా ముగించమని కాలేజీల్లో చెబుతారు. ఆ పిల్ల అలాగే మొదలెట్టింది. గైడులో బట్టీపట్టిన వాక్యం, 'కరుణరసం పొంగి పొర్లుతున్నది' అన్నది, రాసింది. కాసేపు దానివంకే చూసి కొట్టేసింది. తర్వాత రాసింది ఏ గైడులోనూ లేదు:

'ఈ కవితలో ఎవరూ ఏడవరు. పొద్దెక్కినా పొయ్యి వెలగలేదని మాత్రమే కవి చెప్పాడు. ఏడ్చేవాళ్లకి ఎవరో ఒకరు అన్నం పెడతారు. ఆ పొయ్యి వెలిగించాల్సిన మనిషికి ఏడవడానికి తీరిక ఉండదు. కవి ఆ మనిషి పేరు చెప్పలేదు. చెప్పకపోవడమే ఇందులోని శోకం.'

ఇక కలం ఆగలేదు. అదనపు కాగితం అడిగింది, మళ్లీ అడిగింది. మాస్టారు రెండుసార్లు వంగి, మిగతావి కూడా చూసుకోమ్మా అన్నాడు. అలాగేనండీ అంది గానీ తల ఎత్తలేదు. ఇంట్లో దొరకని తీరిక ఆమెకి ఆ బల్ల దగ్గర దొరికింది. అది మూడు గంటల తీరికే. గంట కొట్టేశారు. చిన్న ప్రశ్నలన్నీ అలాగే ఉండిపోయాయి. నన్ను కట్టి ఇచ్చేసింది.

మూల్యాంకనం జరిగే చోట మేం గున్నేశ్వరరావు గారనే లెక్చరర్ బల్ల మీదికి చేరాం. ఆయన పేజీలు తిప్పుతుంటే ఇంక ఫ్యాను దండగ అనిపించేది. సత్యవేణి కాగితాల దగ్గర ఆ చెయ్యి ఆగింది. టీ మీద మీగడ కట్టింది. మొదటికొచ్చి మళ్లీ చదివాడు. పక్క కుర్చీలో దిద్దుతున్న పద్మజ గారిని గొంతు తగ్గించి పిలిచాడు.

"పదిహేనుకి పదిహేను వేస్తే ఏమంటారండీ?"

"తెలుగులోనా? మీకు మతి పోయిందంటారు."

వేశాడు. కళ్లజోడు తుడుచుకుని, ఉత్సాహంగా పేజీ తిప్పాడు. తెల్ల కాగితం. ఇంకోటి తిప్పాడు. తెల్లదే. చివరి అట్టదాకా వెళ్లి, ఎక్కడైనా రెండు ముక్కలు దొరుకుతాయేమోనని వెనక్కి వెతికాడు. ఖాళీ కాగితానికి మార్కులు వేసే దారి ఏ ఎగ్జామినరుకీ లేదు. మొత్తం వేసే గడిలో ఆ పదిహేనే దించాడు. తప్పింది.

"ఎంత పని చేసేవే తల్లీ," అన్నాడు కాగితంతో. ఆ తల్లి ఎవరో ఆయనకి తెలియదు. పైన నంబరు తప్ప పేరుండదు.

ఇప్పుడు నేను పాతకాగితాల కొట్టులో ఉన్నాను. కాగితం మిల్లుకి దారం పనికిరాదని బ్లేడుతో కోసి అవతల పారేశారు. కాగితాలు లారీ ఎక్కాయి. ఫలితాల్లో మొత్తమే చూపిస్తారు, ఏ ప్రశ్నకి ఎన్నొచ్చాయో చూపించరు. గైడు వాక్యం కొట్టేసి సొంతంగా రాసినందుకే తప్పానని సత్యవేణి అనుకుంటూ ఉంటుంది.