ఏరవతలి పిల్ల

"గంజి జర పల్చగ పెట్టు పుల్లమ్మా. పోయిన ఆదివారం అంగీ మెడకాడ కోసుకపోయింది" అన్నడు మా ఆయన, బైబిల్ల నుంచి తల ఎత్తకుంట.

శనివారం వచ్చిందంటె మా ఇంట్ల అదే తీరు. ఆయన ప్రసంగం తయారు చేసుకుంటడు, నేను ఆయనను తయారు చేస్త. సౌడుమన్నుతోటి ధోతి ఉతుకుడు, గంజి పెట్టుడు, చెంబుల నిప్పులేసి అంగీ సాపు చేసుడు. అదయినంక ప్రార్థన ఇల్లు ఎర్రమన్నుతోటి అలకాలె, చాపలు దులిపి పరవాలె, గూడెం బాయి నుంచి నీళ్లు తెచ్చి కుండలు నింపాలె. పొద్దుమీకి ఆడపిల్లలకు అక్షరాలు దిద్దించాలె. ఎవలకన్న జరమొస్తె పోయి కూసోవాలె. ఆదివారం పాట ఎత్తుకునేది గూడ నేనే, ఎందుకంటె మా ఆయనకు రాగం నిలవది. మిషను నుంచి పాదిరిగారు వచ్చినప్పుడు మాత్రం "జానయ్యా, మంచిగ పని చేస్తున్నవయ్యా" అని ఆయన భుజం తట్టి పోతుండె. నేను అప్పుడు పెరట్ల కోడికూర వండిన చేతులు కడుక్కుంటుంటి. ఉపదేశి అనేది ఆయన కొలువు. ఉపదేశి భార్య అనేదానికి మాత్రం పేరూ లేదు, జీతమూ లేదు, సెలవూ లేదు.

మాది పల్నాడు. మా ఆయన అక్కడి మిషను బడిల చదువుకుంటందుకు వచ్చి నన్ను చేసుకున్నడు. మా ఊరి కాడ కృష్ణ ఒడ్డున నిలవడితె అవతలి గట్టు కనవడతది గని, అది నిజాం రాజ్యం. పుట్టి ఎక్కి ఏరు దాటితె పరాయి దేశమే. చెల్లే రూపాయి వేరు, జెండా వేరు, కచేరీల మాట వేరు. సరిహద్దు నాకా కాడ జవాను నా పెళ్లి పెట్టె బోర్లించి, చీరలు ఒక్కొక్కటి దులిపి చూసి, "పరదేశం నుంచి ఏం తెస్తున్నవ్?" అని అడిగిండు. అట్ల ఏరు దాటి, బండ్ల మీద రోజుల తరవడి ప్రయాణం చేసి, తిరుమలగిరి అవతల ఉన్న ఈ గూడేనికి వచ్చిన.

వచ్చిన కొత్తల నేను నోరు తెరిస్తె నవ్వేటోళ్లు. "నీళ్లు తేపోవే" అని మా అత్త మారెమ్మ అంటె నేను "అలాగేనండి" అన్న. ఆమె చుట్టు చూసి, "అండి ఎవలే? ఎవల్ని పిలుస్తున్నవ్?" అన్నది. గూడెమంత ఆ మాట పాకింది. కొన్నేండ్ల దాంక నేను కనవడితె పిల్లలు "అండీ, అండీ" అని ఎంటవడేటోళ్లు. నా పేరు పుల్లమ్మ అయినా, నేను అందరికి ఏరవతలి పిల్లనే. మాకు పిల్లలు కలుగలే. దానికి గూడ మా అత్త తప్పు ఏటి మీదికే తోసేది. "అవతలి నీళ్లు ఇవతల పట్టవు" అనేది. మెల్లగ వాళ్ల మాట నా నోట్లకు వచ్చింది. ఇప్పుడు మా అమ్మ మాట నాకు కలలనే వినవడతది.

గూడెంల అందరు కిరస్తానం కలిసినోళ్లే, కని ఏసును నమ్ముకుంటె గడి వెట్టి తప్పుతదా? దొర గడిల పెండ్లయినా చావయినా వడ్లు దంచేది, పసుపు ఇసిరేది, వాకిళ్లు ఊడ్చేది మా ఆడోళ్లే. కూలి లేదు, కాదనే హక్కు లేదు. బిక్షమ్మ అని ఒక పచ్చి బాలింత ఉండె. ఆమెను గూడ దంచనీకి పిలిచిన్రు. బిడ్డను తీస్కపోతె పని చెడతదని దొర నౌకరు, గడి సుంకరి, గుంజి నా చేతుల పెట్టిండు. ఆ బిడ్డ పొద్దంత ఏడ్చింది. జొన్న గంజి తేట వేలుతోటి నోట్లె పెడితె ఉమ్మేసింది. పొద్దుగూకినంక బిక్షమ్మ వచ్చింది. రైక పాలతోటి తడిసి అట్టగట్టి ఉంది. బిడ్డను తీసుకొని గోడకు ఒరిగి, "రోట్లె వడ్లు, రైకల పాలమ్మా. రెండు దొరకే పాయె" అన్నది.

ఆ మాట నన్ను కూసోనియ్యలే. ఆ వారం ఆడోళ్ల ప్రార్థనల నేను బైబిల్ల ఐగుప్తు దేశం కథ చదివిన. అక్కడి రాజు ఫరో, దేవుని జనంతోటి వెట్టి చేయించుడు, ఇటుకలకు గడ్డి ఇయ్యకుంట ఇటుకలు మాత్రం తగ్గొద్దనుడు, మోషే ఎదురు నిలవడి వాళ్లను ఇడిపించుడు. నేనేం కలపలే. ఉన్నదున్నట్టు చదివిన. చదువుతుంటె నాకే ఒక సంగతి తట్టింది. గడిల దంచితె వెట్టి అంటున్నం, మరి నేను ఇంట్ల, ప్రార్థన ఇంట్ల ఇన్నేండ్ల నుంచి చేస్తున్నదానికి ఏం పేరు? కని అది నాలోపలి మాట, అప్పుడు బయటికి రాలే. చదువుడయినంక బిక్షమ్మనే అడిగింది.

"అమ్మా, గా ఫరో మన దొర లెక్కనే ఉన్నడు గద?"

"అవు" అన్న.

అప్పటికే దొరలకు ఎదురు తిరిగిన సంఘపోళ్లు ఊరూరు తిరిగి వెట్టి బందు చెయ్యుండ్రి అంటున్నరు. మా గూడెం మొగోళ్లు ఇననీకి పోతున్నరు, వస్తున్నరు, అరుగుల మీద మాట్లాడుతున్నరు. ఆడోళ్లు మాట్లాడలే. పెద్ద పండుగకు గడి సుంకరి వచ్చి పిలిస్తె ఒక్కలు గూడ లేవలే. అంతే.

మా ఆయనకు సంగతి తెలిసి మొకం ఎర్రజేసిండు. అధికారులకు లోబడుండుమని ఆయన ప్రతి ఆదివారం చెప్తుండె. "నీకెందుకే ఇదంత? నువ్వు ఈ దేశపుదానివా? ఈ రాజు నీ రాజా? రేపు గొడవైతె నా కొలువు పోతది" అన్నడు. నేను జొన్నరొట్టె తిరిగేసిన. ఆయన తిన్నడు. కోపంల గూడ ఆకలైతది మొగోళ్లకు.

తర్వాత సంవత్సరం మా అమ్మగారి దేశానికి స్వరాజ్యం వచ్చింది. నేనున్న దేశానికి రాలే. ఇక్కడ రజాకార్లు వచ్చిన్రు. ఊర్లు కాలినయి. పాదిరిగారు మనిషిని పంపి, మిషను పని చేసేటోళ్లు అందరు ఏరు దాటి రాండ్రి, జాగ చూపిస్తం అని చెప్పించిండు. మా ఆయన అదే పూట బండి మాట్లాడిండు.

"మూట గట్టు. మీ పుట్టింటికే పోతున్నం, ఇంకేం గావాలె నీకు?"

"గూడెం ఆడోళ్లు?"

"వాళ్లు వాళ్ల దేశంల ఉన్నరు. నువ్వు కాదు."

నేను మూట గట్టిన. ఆయన ధోతులు, ఆయన బైబిలు, దారికి రొట్టెలు. ఆయన బండెక్కి నా దిక్కు చూసిండు. "మీరు పోండ్రి. నేను రాను" అన్న. అంతకుముందు ఆ ఇంట్ల నేను ఎన్నడు 'రాను' అనలే. ఆ మాట ఇంత చిన్నదని నాకు తెల్వదు. ఆయన అరిచిండు, బతిమాలిండు, తల్లిని పిలిచిండు. మా అత్త గడపల కూసొని తమలపాకుకు సున్నం రాస్తుండె. "నాకు ఈడ కోడలుంది. నువ్వు పో" అన్నది. నేను ఆమె మొకం దిక్కు చూసిన. ఆమె నా దిక్కు చూడలే, ఆకు మడిచి నోట్లె పెట్టుకున్నది.

ఆ ఎండకాలం ఒక పొద్దున రజాకార్లను, జవాన్లను ఎంటేసుకొని పోలీసు అమీన్ వచ్చిండు. మొగోళ్లు అప్పటికే గుట్టలల్లకు ఉరికిన్రు. ఆడోళ్లను, ముసలోళ్లను ప్రార్థన ఇంటి ముందర ఎండల కూసోపెట్టిన్రు. సంఘం మొగోళ్లు ఏడ దాక్కున్నరో చెప్పుమని ఒక్కొక్కరిని అడిగిన్రు. ఎవలు చెప్పలే. నర్సింగమ్మ అనే ముసలామెను జుట్టు వట్టి ఈడ్చిన్రు. ఆమె గూడ చెప్పలే. గడి సుంకరి నన్ను చూపించి అమీన్ చెవుల ఏదో అన్నడు.

"మిషను ఆమె నువ్వేనా? ఏరవతలి దానివంట" అన్నడు అమీన్. "నీతోటి మాకు తగాద లేదు. నువ్వు పరదేశి. అవతలికి జరుగు. పో."

తొవ్వ ఖాళీగ ఉంది. జవాన్లు పక్కకు జరిగి జాగ గూడ ఇచ్చిన్రు. ఇన్నేండ్లు నన్ను ఎక్కిరించిన మాటే ఆ పూట నా పానం కాపాడేటట్టుంది. నిజం చెప్త, నా కాళ్లు పోదామనే చూసినయి. చెమటతోటి చీర ఒంటికి అంటుకపోయింది. కని ఆడ బిక్షమ్మ బిడ్డ ఎండకు సొమ్మసిల్లి తల వాల్చి ఉంది. నేను పోయి బిక్షమ్మ పక్కన కూసొని, బిడ్డను ఒళ్లె వేసుకొని కొంగు కప్పిన.

అమీన్ దగ్గరికొచ్చిండు. "అచ్ఛా. అయితె నువ్వే చెప్పు. వెట్టి బందు చెయ్యమని వీళ్లకు ఎవలు చెప్పిన్రు?"

తిరుమలగిరి సంతల గాజులమ్మే తురక అవ్వ ఒకామె నాకు దోస్తు. మా మోషే ప్రవక్తను వాళ్లు మూసా పైగంబర్ అంటరని, ఫరోను ఫిరౌన్ అంటరని ఆమెనే చెప్పింది.

"మూసా చెప్పిండు" అన్న.

"ఏ మూసా? ఏ ఊరోడు?"

"మూసా పైగంబర్. ఫిరౌన్‌కు ఎదురు నిలవడి వెట్టోళ్లను ఇడిపించుకపోయినాయన. మీ కితాబుల గూడ ఉన్నడు గద సాబ్. నేను చదివిన, వీళ్లు ఇన్నరు. చెప్పినదాన్ని నేనే."

గడ్డం నెరిసిన జవాను ఒకాయన కండ్లు కిందికి దించి, "జానే దో సాబ్" అన్నడు మెల్లగ. అమీన్ మొకం నల్లవడ్డది. తుపాకి మడమతోటి నా భుజం మీద కొట్టిండు. బిడ్డ మీద పడకుంట పక్కకు ఒరిగిన. మళ్ల ఎత్తిండు. అప్పుడు మా అత్త లేచి వచ్చి నా ముందర కూసున్నది. పక్కనున్న బిక్షమ్మ, ఆమె ఎనక మా పక్కింటి గుర్వమ్మ, జుట్టు చెదిరిన నర్సింగమ్మ గూడ, ఒకలెంట ఒకలు జరుగుకుంట వచ్చి నా చుట్టు కూసున్నరు. ఏడ్పు లేదు, అరుపు లేదు. అమీన్ ఎత్తిన చెయ్యి దించిండు. పోయేటప్పుడు ప్రార్థన ఇంటి కప్పుకు నిప్పు పెట్టించిండు. ఒక్క పేరు గూడ తీసుకపోలే.

కప్పు కాలింది, గోడలు మేము కాపాడుకున్నం, కుండలు కుండలు నీళ్లు మోసి. ఆ భుజం ఇప్పటికి చలికాలం సలుపుతది. సలిపినప్పుడల్ల నాకు తల ఎత్తుకొని నడవబుద్దయితది.

వానకాలం పోంగ యూనియన్ పటాలాలు వచ్చినయి. నిజాం రాజ్యం పోయింది, ఏటి కాడి నాకా పోయింది. మా ఆయన పాదిరిగారిని ఎంటవెట్టుకొని తిరిగొచ్చిండు. నల్లబారిన గోడలు చూసి, "చెప్తె ఇనకపోతివి. కాలవెట్టుకుంటిరి గద" అన్నడు. మా అత్త ఏదో అనబోతె నేనే సైగ చేసిన, వద్దని.

మర్నాడు ఆ కప్పు లేని ప్రార్థన ఇంట్లనే కృతజ్ఞత కూడిక పెట్టిన్రు. గూడెమంత వచ్చింది. మొగోళ్లు ముందర, ఆడోళ్లు ఎనక. పాదిరిగారు లేచి, "ఈ కష్టకాలంలో దేవుడు ఈ క్రైస్తవ సంఘాన్ని ఎలా కాపాడాడో జానయ్య సాక్ష్యం చెబుతాడు" అన్నడు. మా ఆయన నా దిక్కు వంగి, "పాదిరిగారికి చాయ్ పెట్టు, పో" అని, పోయి బల్ల ముందర నిలవడ్డడు. నేను బయట మూడు రాళ్ల పొయ్యి కాడ కూసున్న. ఆయన గొంతు వినవడుతుంది. "మేము శ్రమల గుండ పోయినం. శత్రువులు మా మీదికి వచ్చిన్రు. అప్పుడు నేను మోకాళ్లూని..."

"ఆగు కొడకా."

మా అత్త గొంతు. ఆమె ఎన్నడు కూడికల నోరు తెరవలే.

"సాక్ష్యం అంటె చూసినోళ్లు చెప్పాలె. నువ్వు ఏరవతల ఉంటివి. నా కోడలు ఈడ ఉండె. ఆమెను పిలువుండ్రి."

తర్వాత బిక్షమ్మ "పుల్లమ్మా, రా" అన్నది. గుర్వమ్మ అన్నది. ఎనక కూసున్న ఆడోళ్లంత జరిగి, నా కోసం నడుమ తొవ్వ ఇడిచిన్రు. నేను కొంగుతోటి చేతులు తుడుచుకొని లేచిన. ఆ తొవ్వెంట నడిచి బల్ల కాడికి పోయిన. మా ఆయన ఇంకా ఆడనే ఉన్నడు, ఎటు పోవాల్నో తెల్వక.

"పొయ్యి మీద చాయ్ పొంగుతాంది" అన్న, అందరికి వినవడేటట్టు. "జర పోయి చూడుండ్రి."

ఆయన పోయిండు. నేను చెప్పుడు మొదలువెట్టిన.