కవాసిన్ కాని సైకిల్

ఇవానో ఫ్రస్సోన్‌ది ఇళ్లలో టైల్స్ పరిచే పని. ముప్పై ఎనిమిదేళ్లు ఊళ్లోవాళ్ల వంటిళ్లలో, స్నానాలగదుల్లో మోకాళ్ల మీద పాకి పాకి, యాభై తొమ్మిదో ఏడు వచ్చేసరికి గోడ పట్టుకోకుండా మెట్లెక్కలేని స్థితికి వచ్చాడు. డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి, "ఇంకోసారి నేల మీద మోకాలు ఆనించావంటే నా దగ్గరికి రాకు. సైకిల్ తొక్కు," అని కసిరింది. తిట్లు తింటున్న మనిషి మొహం అంతలా వెలిగిపోవడం ఆవిడ అంతకుముందెప్పుడూ చూడలేదు.

పద్నాలుగేళ్లప్పుడు ఇవానో బస్సానో పట్టణంలోని కవాసిన్ సైకిళ్ల కొట్టు అద్దానికి ముక్కు ఆనించి గంటలకొద్దీ నిలబడేవాడు. చుట్టుపక్కల పందేలకి వెళ్లే కుర్రాళ్లందరికీ కవాసిన్ సైకిలే కావాలి. ఇవానో నాన్న మాత్రం బంధువొకడు వాడి వదిలేసిన నల్లటి బండ సైకిల్ తెచ్చి చేతిలో పెట్టాడు. ఇవానో దాని మీదే పనికి వెళ్లాడు, దాని మీదే మిరెల్లాని కూర్చోబెట్టుకుని సినిమాకి తీసుకెళ్లాడు, ఆమెను పెళ్లీ చేసుకున్నాడు. అద్దం వెనకాల సైకిల్ మాత్రం మనసులోంచి పోలేదు.

ఏప్రిల్ చివరి ఆదివారం పాత సామాన్ల సంతలో, ఇత్తడి దీపాలకీ కాలు విరిగిన కుర్చీలకీ మధ్య, ఆకాశనీలం సైకిల్ ఒకటి కనబడింది. వంపు తిరిగిన హ్యాండిలు, నెర్రెలిచ్చిన తోలు సీటు, ఏటవాలు గొట్టం మీద తెల్లటి అక్షరాల్లో 'కవాసిన్'.

"డెబ్బై నాలుగు నాటిది," అన్నాడు అమ్మేవాడు. "మీలాంటి తెలిసినవాళ్ల కోసమే పొద్దున్నుంచీ దాచిపెట్టా."

"దాచిపెట్టినవాడివి దారికి ఎదురుగా ఎందుకు పెట్టావయ్యా?"

"దీని ఎత్తు చూడండి. ఇప్పటి కుర్రాళ్లంతా పాప్లార్ చెట్లలా పెరిగారు, ఎక్కితే మోకాళ్లు గడ్డానికి తగుల్తాయి. మీకైతే కొలతిచ్చి కుట్టించినట్టుంటుంది."

పొట్టివాడివని మొహం మీదే అన్నట్టయింది. అయినా ఇవానోకి కోపం రాలేదు. వంగి గోరుతో గొట్టం మీద కొట్టాడు. సన్నగా, గ్లాసులా మోగింది. హ్యాండిలు దిగే తలగొట్టం దగ్గర రంగు పగిలిందేమోనని వేలు పెట్టి తడిమాడు. ఆ అక్షరాల్ని కూడా అలాగే తడిమి ఉంటే బాగుండేది. కానీ వాటిని చదవగానే చెయ్యి పర్సు మీదికి వెళ్లింది. చెప్పిన ధరకే కొనేశాడు.

"మోకాళ్లకి మంచిదంటే కొత్తది కొనుక్కుంటావనుకున్నా," అంది మిరెల్లా వాకిట్లో నిలబడి. "ఇది నీకంటే అరిగిపోయినట్టుందే!"

మర్నాడు బేరింగులు మార్పించడానికి దాన్ని ఒనోరియో దగ్గరికి తీసుకెళ్లాడు. ఒనోరియోకి డెబ్బై ఎనిమిదేళ్లు. ఇరవై ఏళ్లు కవాసిన్ పనిశాలలోనే రంగులు వేసి, ఇప్పుడు ఇంటి వెనక షెడ్డులో రిపేర్లు చేసుకుంటున్నాడు.

ఆయన సైకిల్‌ని స్టాండుకి తగిలించి, బొటనవేలితో అక్షరాల్ని రుద్దాడు. "ఈ స్టిక్కర్ల వయసు అయిదేళ్లుంటే గొప్ప. మేం పేరుని కుంచెతో రాసేవాళ్లం."

"ఎవరో మళ్లీ రంగు వేయించి ఉంటారు," అన్నాడు ఇవానో గబగబా.

ఒనోరియో పెడళ్ల ఇరుసు విప్పాడు. "రెండు పక్కలా మర ఒకే వైపు తిరుగుతోంది. అంటే మన దేశంలో చేసిందే, అనుమానం లేదు." సీటు గొట్టం బయటికి లాగి వెర్నియర్‌తో కొలిచాడు. "పల్చటి మేలురకం ఉక్కు. అదీ నిజమే." తర్వాత సైకిల్‌ని తలకిందులు చేసి ఇరుసు గూడు మీద దీపం పట్టాడు. "కవాసిన్ ప్రతిదానికీ ఇక్కడ పియర్ పండు ఆకారంలో కన్నం కోయించేవాడు. ఒక్కటి కూడా వదిలేవాడు కాదు. దీనికేదీ?"

ఇవానోకి మళ్లీ పద్నాలుగేళ్లు వచ్చి, మళ్లీ ఆ నల్ల సైకిల్ చేతికొచ్చినట్టయింది. "అయితే దొంగదా?"

"దొంగ నీకు అమ్మినవాడు. దీన్నెందుకు అంటావు?" అంటూ ఒనోరియో దీపాన్ని గొట్టాలు కలిసేచోటికి జరిపాడు. అక్కడ అతుకు మీది తొడుగుని అంచులు గోరంత పల్చగా అయ్యేదాకా ఆకురాయితో అరగదీశారు. వెనక సన్న గొట్టాల కొసలు చెంచా లోపలి గుంటలా నునుపుగా ఉన్నాయి. అతకడానికి కరిగించిన ఇత్తడి ఎక్కడా ఒక చుక్క పొంగలేదు. ఒనోరియో చాలాసేపు చూశాడు. చూసి, పక్కనున్న చెక్కపెట్టె మీద కూలబడ్డాడు.

"ఇది అర్జీయా చెయ్యి," అన్నాడు.

తర్వాత ఒక్కో మాటా బరువుగా చెప్పాడు. కవాసిన్ పనిశాలలో తొమ్మిదేళ్లు గొట్టాలు అతికింది అర్జీయా జెర్బిన్ అనే అమ్మాయి. కొనేవాళ్లు వస్తే ఆమెను వెనకగదిలోకి పంపించి, ముసలి కవాసినే తోలు ఏప్రన్ కట్టుకుని మంట గొట్టం చేత్తో పట్టుకుని నిలబడేవాడు. పదో ఏడు ఆమె మగవాళ్లతో సమానంగా జీతం అడిగింది. ముసలాయన నవ్వాడు. ఆమె ఏప్రన్ విప్పి బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

"అక్కడ ఆరుగురం మగాళ్లం ఉన్నాం. అందరం తలలొంచుకుని పని చేసుకుంటున్నాం. నేను రంగు కలుపుతున్నా. కలిపిన రంగునే కలుపుతూ కూర్చున్నా."

"ఆవిడ బతికే ఉందా?"

"పదకొండు కిలోమీటర్ల దూరంలో. చర్చిలో కనబడితే నేనే స్తంభం చాటుకి పోతాను."

ఇవానోకి మునిసిపల్ ఆఫీసు హాలులో నల్లరాయీ తెల్లరాయీ కలిపి తను నాలుగు నెలలు పరిచిన నేల గుర్తొచ్చింది. ప్రారంభం రోజున ఆర్కిటెక్టు పేరు పాలరాతి మీద చెక్కించారు, తనని మాత్రం గుమ్మం దగ్గర ఆపి ఎవరు నువ్వని అడిగారు.

"లేవండి, వెళ్దాం," అన్నాడు.

"నేను రాను."

"సైకిల్ నాది, వ్యానూ నాదే. మీరు కూర్చుంటే చాలు."

అర్జీయా తోటలో వంగి, మట్టికట్టల్లోంచి తెల్ల ఆస్పరాగస్ కాడలు తవ్వుతోంది. ఎనభై మూడేళ్ల సన్నటి మనిషి, కాళ్లకి రబ్బరు బూట్లు. తలెత్తకుండానే, "ఎవరది?" అంది.

"నేను. ఒనోరియోని."

"ఏ ఒనోరియో? స్తంభం ఒనోరియోనా?"

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఇవానో వ్యానులోంచి సైకిల్ దించడం చూసి అర్జీయా చేతులు కడుక్కుని వచ్చింది. దాన్ని తలకిందులు చేసి, వెనక సన్న గొట్టాల కొసల్లో బొటనవేలు పెట్టింది. వేలు అక్కడ సరిగ్గా ఇమిడింది.

"నీవెస్‌ది," అంది. "పోస్ట్‌మాన్ కూతురు. ఇంతెత్తు ఉండేది, నోరు మాత్రం బారెడు. దీని మీద మరోస్తికా పందెంలో రెండో స్థానం కొట్టింది. పెళ్లై బెల్జియం పోతూ అమ్ముకుంది. కవాసిన్ దగ్గర్నించి బయటికొచ్చాక మా నాన్న షెడ్డులో మొత్తం తొమ్మిది చేశా. ఇది నాలుగోది. దీనికి ఈ దిక్కుమాలిన రంగు ఎవడు పూశాడు?" ఇంకా వంగి చూసింది. "వెనక భాగం ఒరిగింది. ఎవడో గోడకి కొట్టాడు."

"తిన్నగానే వెళ్తోందమ్మా," అన్నాడు ఇవానో.

"ఏం పని చేస్తావు నువ్వు?"

"టైల్స్ పరుస్తాను."

"అయితే తాడు పట్టుకుని చూసి అప్పుడు మాట్లాడు."

ఇవానో జేబులోంచి మేస్త్రీ తాడు తీశాడు. వెనక చక్రం గాడినుంచి తలగొట్టం చుట్టూ తిప్పి, రెండో గాడికి బిగించి లాగాడు. సీటు గొట్టానికి అటూ ఇటూ ఉన్న ఎడం కొలిచి సిగ్గుపడ్డాడు. "ఎడంపక్క రెండు మిల్లీమీటర్లు ఎక్కువ."

"రెండున్నర," అంది ఆమె.

చక్రాలు తీసేశారు. ఆమె షెడ్డులోంచి పొడుగాటి కర్ర తెచ్చింది. ఒనోరియో ఫ్రేముని గుండెలకి హత్తుకుని నేల మీద కూర్చున్నాడు. ఇవానో కర్రని మీటలా దూర్చి, ఆమె చెప్పినప్పుడల్లా బలం వేశాడు. ఆపమన్నప్పుడల్లా ఆపి తాడు చూశాడు.

"అర్జీయా, ఆ రోజు..." అని మొదలుపెట్టాడు ఒనోరియో.

"ఆ రోజు ఎక్కడికీ పారిపోదు. గట్టిగా పట్టుకో."

నాలుగోసారికి తాడు రెండు పక్కలా సమానంగా వచ్చింది. అర్జీయా వాళ్లని వంటింట్లోకి తీసుకెళ్లి, ఉడికించిన ఆస్పరాగస్ మీద గుడ్లు చిదిమి, నూనె పోసి, తలా ఒక గ్లాసు వైన్ పెట్టింది. ఒక ముక్క నోట్లో పెట్టుకుని, "ఇప్పుడు చెప్పు," అంది.

ఒనోరియో చెప్పాడు. సాకులేమీ వెతుక్కోలేదు. భయపడ్డానన్నాడు, అప్పుడే పెళ్లైందన్నాడు, అది సాకు కాదని తనకి తెలుసన్నాడు. ఇవానో పళ్లెంలోకి చూస్తూ కూర్చున్నాడు.

"పదకొండు కిలోమీటర్లు," అంది అర్జీయా. "సైకిల్ మీద అరగంట. నీకు నలభై ఏడేళ్లు పట్టింది. మన్నించే సంగతి ఆలోచిస్తా. ఈలోగా దాని మీంచి ఆ ముసలాడి పేరు గీకెయ్."

బయల్దేరేటప్పుడు ఇవానో సైకిల్‌ని ఆమె ముందుకి జరిపాడు. "ఇది మీ దగ్గరే ఉండనివ్వండమ్మా."

"నాకెందుకు, చిక్కుడు తీగ పాకించడానికా? తొక్కవయ్యా. మోకాళ్లు పట్టుకుని లేవడం చూశాగా, సీటు అంగుళం ఎత్తు."

ఒనోరియో నీలం గీకేస్తే కింద ముదురు ఎరుపు బయటపడింది. అదే ఎరుపు కలిపి వేశాడు. ఏ పేరు రాయమంటావని అడగడానికి ప్రతి ఆదివారం అర్జీయా ఇంటికి వెళ్లాడు. ఆమె ప్రతి ఆదివారం ఏదో ఒక తోటపని చేయించుకుని, ఇంకా ఆలోచించలేదని పంపించేసింది. జూన్ చివర్లో ఓ రోజు, "జెర్బిన్ అని చిన్నగా రాయి. చదవాలనుకున్నవాళ్లు వంగి చదువుకుంటారు," అంది.

ఇవానో మోకాళ్లు పూర్తిగా బాగుపడలేదు గానీ, మెట్లెక్కుతూ గోడ పట్టుకోవడం మానేశాడు. కొత్త జబ్బు ఒకటి పట్టుకుంది. ఎక్కడ పాత సైకిల్ కనబడినా ఆగి, అడిగీ అడక్కుండానే తలకిందులు చేసి, వెనక గొట్టాల కొసలు తడిమేవాడు. "ఒకటి కొనుక్కోమంటే ఇంకో ఎనిమిది వెతుక్కుంటున్నాడు," అని మిరెల్లా అందరితో చెప్పుకుని నవ్వేది.

అక్టోబరులో తియేనె ఊరి దగ్గర ఓ భోజనశాలలో వాళ్లిద్దరూ మొక్కజొన్న పొలెంటా తింటుంటే, గోడ మీద అలంకారానికి తగిలించిన ఆకుపచ్చ సైకిల్ ఇవానో కంటబడింది. కుర్చీ వేసుకుని ఎక్కబోతుంటే మిరెల్లా చొక్కా పట్టుకుంది. ఎక్కాడు. వేలు పెట్టాడు. దిగొచ్చి అక్కడినుంచే ఫోన్ చేశాడు.

"ఏ రంగు?" అడిగింది అర్జీయా.

"ఆకుపచ్చ. తలగొట్టం మాత్రం తెలుపు."

అవతల కుర్చీ లాక్కున్న చప్పుడు వినిపించింది.

"అది మొదటిది," అంది ఆమె. "నా కోసం చేసుకున్నది. మా ఆయన జబ్బు పడ్డప్పుడు అమ్మేశా."

"కొంటానని యజమానిని అడగనా?"

"ఏం వద్దు. రేపు మధ్యాహ్నం నన్ను అక్కడికి తీసుకెళ్లు. వెళ్తూ దారిలో ఒనోరియోని కూడా ఎక్కించుకో, గోడ మీంచి దించాలంటే ఇద్దరు మగాళ్లు కావాలి."