బెనా, మ్నాస్

“శశీ, చాయ్ పెట్టు, మనోళ్లు వచ్చిన్రు” అని భర్త దయాకర్ కింది నుంచి పిలిచేసరికి శశికళ మేడమీది గదిలో లాప్‌టాప్ ముందు కూర్చుని మాట్లాడుతోంది. హైదరాబాదులో మొదలుపెట్టి, నర్మెట్టకు కోడలై వచ్చాక కుంటుతూ సాగుతున్న పరిశోధన ఆమెది. భాషాశాస్త్రం. ఈ ఆన్‌లైన్ సదస్సులో చోటు గైడు సుమన మేడం ఎవరెవరినో అడిగి ఇప్పించింది. వంట ముగించి, అత్తకు మందులిచ్చి, కాసేపు పిలవొద్దని చెప్పే శశికళ పైకి వచ్చింది.

వినబడనట్టే కొనసాగించింది. ఐర్లండ్, వేల్స్ వైపు మాట్లాడే కెల్టిక్ భాషలకు ఒక తల్లి భాష ఉండేది. దాన్ని ఎవరూ రాసిపెట్టలేదు. పిల్ల భాషల్ని పక్కపక్కన పెట్టి పండితులు మాటల్ని తిరిగి కట్టుకున్నారు. అందులో స్త్రీని ‘బెనా’ అంటారు. సంస్కృతంలోని ‘జని’కీ దీనికీ మూలం ఒక్కటే. కానీ ‘స్త్రీ యొక్క’ అనాల్సి వస్తే అది ‘మ్నాస్’. మధ్యలో అచ్చు జారిపోయింది, నకారానికి తగిలిన బకారం మకారమైంది. ఎంఏలో మొదటిసారి విన్నప్పుడు ఈ రెండూ ఒక్క మాటే అంటే ఆమె నమ్మలేదు. ఎలా మారిందో అర్థమైన రోజు హాస్టల్లో అన్నం తినడమే మరిచిపోయింది. ఆ సంతోషం ఇప్పుడు గొంతులోకి వస్తోంది. తెరమీద ఎవరో నవ్వుతూ తల ఊపుతున్నారు.

దయాకర్ లోపలికి వచ్చాడు. కోపంగా ఏం లేడు. ఆమె భుజం మీదుగా వంగి, “మేడం, జర ఏమనుకోకున్రి, ఇంట్ల పనుంది. మల్ల మాట్లాడుతది” అని లాప్‌టాప్ మూసేశాడు.

అరవొచ్చు. కింద అతని ఎంపీటీసీ టికెట్ తేల్చే మనుషులున్నారు. మెట్లు దిగింది.

చాయ్ అందుకుంటూ యాకయ్య అనే పెద్దాయన, “ఏం చదువుతున్నవ్ బిడ్డా?” అని అడిగాడు. ఆమె నోరు తెరిచేలోగా దయాకర్ నవ్వాడు. “గదేదో ఎవ్వలు మాట్లాడని భాష కాకా. టైంపాసుకు.”

“చదువుకోనిస్తున్నం గదా, ఇంకేం గావాలె” అంది అత్త. అందరూ మెచ్చుకున్నారు. శశికళ ఖాళీ కప్పులు ఏరుకుంది. వంటింట్లోంచి ఫోన్ చేస్తే, “నీ సమయం వేరేవాళ్లకు ఇచ్చేశారమ్మా. ఇంకోసారి నేను అడగలేను” అంది సుమన మేడం.

సాయంత్రానికి టికెట్ ఖాయమైనట్టే అని కబురొచ్చింది. దయాకర్ సంబరంగా వచ్చి పక్కన కూర్చున్నాడు. “పొద్దున ఏదో చెప్తుంటివి గదా, ఏంది గది? నాకు చెప్పు, వింట” అన్నాడు. నిజంగానే అన్నాడు, ఫోన్ కూడా పక్కన పెట్టి.

“ఏం లేదు” అంది శశికళ. కోపంతో అనాలనుకున్న మాట, అలవాటుగా వచ్చేసింది.