మేనత్త మెచ్చిన పిల్లలబడి

లేసీలి మళ్లీ ఆసుపత్రిలో నర్సు పనికి వెళ్లే సమయం దగ్గరపడింది. భర్త ఫినావు విమానాశ్రయంలో సామాన్లు ఎక్కిస్తాడు. ఇద్దరూ పనికి పోతే రెండేళ్ల సియాలేని ఎవరు చూసుకోవాలి?

టోంగా దీవుల నుంచి వచ్చి మేం స్థిరపడ్డ మాంగెరేలో పిల్లల్ని చూసుకునే చోట్లకి కొదవేమీ లేదు. కానీ మా టోంగా వాళ్లలో బిడ్డ విషయంలో చివరి మాట తల్లిదీ కాదు, తండ్రిదీ కాదు, మేనత్తది. సియాలే మేనత్త కలోలైనే. ఆవిడ కూర్చుంటేగాని ఆ ఇంట్లో ఎవరూ కూర్చోరు.

లేసీలికి మనసు పడింది మా చర్చి వెనక హాల్లో నడిచే పిల్లలబడి మీద. అక్కడ పిల్లలతో మా భాషలోనే మాట్లాడతారు, మట్టిలో ఆడనిస్తారు. బుధవారాలు నేను వెళ్లి వంట చేసిపెడతాను. చిక్కల్లా ఒకటే, దాన్ని నడిపేది ఆకోసిత.

ఆకోసితకీ కలోలైనేకీ మాటల్లేవు. ఈస్టరు ఆరాధనలో ఒక చరణం ఒక్కరే పాడాలి. ఇద్దరూ ఒకేసారి అందుకున్నారు, ఇద్దరిలో ఒక్కరూ ఆపలేదు. వాళ్లిద్దరి మధ్య నిలబడ్డ నాకు రెండు చెవులూ గింగురుమన్నాయి. పాస్టరుగారు కళ్లు మూసుకుని చరణం అయిపోయేదాకా తెరవలేదు. అప్పట్నుంచీ ఒకరెదురైతే ఇంకొకరు రోడ్డు దాటి పోతున్నారు.

"వదినా, ఒక్కసారి వచ్చి చూడండి" అని బతిమాలింది లేసీలి.

"ఆ గుమ్మం నేను తొక్కను. ఇంకోటి చూద్దాం పద."

చూశారు. మొదటి చోట అద్దాల గోడలు, అద్దంలాంటి నేల. అక్కడి పంతులమ్మ పాప పేరు పలకడానికి నానా తంటాలు పడి చివరికి 'సాలీ' అంది. "పేరే నోరు తిరగనివాళ్లు పిల్లకి ముద్దేం పెడతారు?" అంటూ కలోలైనే వెనక్కి తిరిగింది. తర్వాతి చోట పిల్లలంతా మూటల్లా వరసగా కూర్చుని టీవీ చూస్తున్నారు. "ఈ మాత్రం టీవీ మనింట్లో లేదా?" అంది. ఇంకో చోట తోట బావుంది, మనుషులూ బావున్నారు. కానీ సియాలే తల్లి మెడ వదల్లేదు. ఏడ్చి ఏడ్చి కారులో నిద్రపోయింది.

"అక్కా, ఇక మిగిలింది చర్చి హాలే" అన్నాడు ఫినావు.

"నువ్వు ఊరుకోరా! నీ ముక్కు తుడిచి పెంచినదాన్ని నేను."

ఎదురు చెప్పకూడని చోట లేసీలి తెలివిగా మాట్లాడింది. "నాదేముంది వదినా, మీరు వద్దంటే వద్దు. కానీ మీరు అడుగైనా పెట్టకపోతే జనం నోరు ఊరుకోదు కదా. ఆకోసితని చూసి జంకారంటారేమోనని నా బాధ."

"ఎవరూ? నేనా జంకేది?"

బుధవారం పొద్దున్నే లేసీలినీ పాపనీ వెంటబెట్టుకుని కలోలైనే హాలుకి దిగింది. ఆదివారం గౌను, నడుముకి అల్లికల పట్టీ, చేతిలో విసనకర్ర. నేను కూర కింద మంట తగ్గించి గుమ్మంలోకి వచ్చాను.

ఆకోసిత చాప మీద పిల్లల మధ్య కూర్చుని సముద్రానికి బయల్దేరిన తాబేలు పాట పాడుతోంది. వచ్చింది ఎవరో చూసింది, పాట మాత్రం ఆపలేదు. సియాలే తల్లి చెయ్యి విడిపించుకుంది. అందరినీ ఓసారి పరికించి, నేరుగా వెళ్లి ఆకోసిత ఒళ్లో చతికిలబడి, తను కొరికిన అరటిపండు ఆవిడ నోట్లో కుక్కేసింది.

ఆకోసిత పండు నోట్లో ఉండగానే పాడింది. స్వరం జారింది. కలోలైనే ఎంతసేపు ఓర్చుకుంటుంది?

"శ్రుతి కింద పడిపోయింది."

"నా నోట్లో పండుందే! నీ నోరు ఖాళీయే కదా, నువ్వు పాడు."

కలోలైనే విసనకర్ర దించి అందుకుంది. ఆ గొంతుకి పిల్లలు నోళ్లు తెరిచారు. పండు మింగేసి ఆకోసిత కింది స్వరం కలిపింది. ఆ రెండు గొంతులూ అంత చక్కగా కలవడం నేనెప్పుడూ వినలేదు. పాట ముగియగానే "మళ్లీ! మళ్లీ!" అని ఒకటే గోల. కలోలైనే గౌను సర్దుకుని చాప మీద కూలబడి మళ్లీ పాడింది.

"ఈస్టరు నాడు ముందు అందుకుంది నువ్వే" అంది ఆకోసిత, గొంతు తగ్గించి.

"కాదు, నువ్వే."

"ఇద్దరూ ఒక్కసారే" అన్నాను నేను.

"నిన్నెవరడిగారు?" అన్నారిద్దరూ, ఒక్కసారే. అంతే, నవ్వు తన్నుకొచ్చింది. కళ్లు తుడుచుకుంటూ ఒకరి మీద ఒకరు వాలిపోయారు. ఎందుకో తెలియకపోయినా పిల్లలూ పడి పడి నవ్వారు.

కలోలైనే లేచి మళ్లీ పెద్దరికం తెచ్చుకుంది. "లేసీలీ, పిల్ల ఇక్కడే ఉంటుంది. పాట మాత్రం నేను నేర్పుతా."

"వదినా!" అని ఆవిడ చెయ్యి పట్టుకుంది లేసీలి.

లేసీలి పనిలో చేరిన రోజు సియాలే వెనక్కి కూడా చూడలేదు. తల్లి గుమ్మం దగ్గర కాస్త ఏడ్చి, నవ్వుకుంటూ బస్సెక్కింది. సాయంత్రం ఫినావు వచ్చి కూతుర్ని ఎత్తుకోబోతే అది చాపకి అతుక్కుపోయింది.

"పాట మధ్యలో లాక్కుపోతావేంరా? కూర్చో!" అని కసిరింది అక్క.

ఫినావు తన ఒళ్లంతా కూడదీసుకుని, పిల్లల కుర్చీలో ఇరుక్కుని కూర్చున్నాడు. తాబేలు ఇంకా సముద్రం దాకా చేరనేలేదు.