గీత పడిన చోట

ఏడు కావడానికి ఇంకా రెండు నిమిషాలుందనగా క్లియోఫా సిమియెన్ ఫ్యాక్టరీలో సీలు వేసిన డబ్బాలను ఆవిరితో ఉడికించే మూడో నంబరు కుక్కరు ముందుకొచ్చి, కుడిచేతి తొడుగు విప్పి చంకలో పెట్టుకుని, గోడకున్న గాజుపెట్టె తలుపు తెరిచాడు. లోపల పళ్ళెమంత కాగితపు చక్రం ఒకటి కంటికి తెలియనంత నెమ్మదిగా తిరుగుతోంది. దాని మీద ఊదారంగు సిరా ముల్లు ఆగకుండా గీత గీస్తూ ఉంటుంది. కుక్కరులో వేడి పెరిగితే గీత అంచువైపు జరుగుతుంది, తగ్గితే నడిమికి జారుతుంది. ఇరవైనాలుగు గంటలకు ఒక చుట్టు పూర్తవుతుంది. సరిగ్గా ఏడింటికి ముల్లు ఎత్తి, పాత చక్రం తీసి, కొత్తది తగిలించాలి. తగిలించకపోతే ముల్లుకేం పోయింది, నిన్నటి గీత మీదే ఇవాళ్టిదీ గీసుకుంటూ పోతుంది. అప్పుడు ఏది నిన్నటిదో ఏది ఇవాళ్టిదో తేల్చడం ఆ దేవుడి తరం కూడా కాదు. ముప్పై ఒక్క ఏళ్ళుగా పగటి డ్యూటీ క్లియోఫాదే. ఈ నాలుగు కుక్కర్ల మీదా ఒక్క చక్రం కూడా రెండో చుట్టు తిరగలేదు.

ఇవాళ మాత్రం కొత్త చక్రం నడిమి బెజ్జం మేకుకు ఒక పట్టాన దొరకలేదు. మూడోసారికి గానీ కూర్చోలేదు. ఎవరైనా చూశారేమోనని వెనక్కి తిరిగి చూసుకున్నాడు. ఎవరూ లేరు. ఆవిరి మాత్రం బుసలు కొడుతోంది.

మనిషి పొడగరి. అరవై ఒకటో ఏడు నడుస్తోంది. గొట్టాల కింద వంగి వంగి తిరిగినందుకు మెడ కొంచెం ముందుకు పొడుచుకొచ్చింది. ఎడమ మోచేతి కింద ఆవిరి కాల్చిన మచ్చ, ఇస్త్రీ పెట్టె ఆకారంలో, నున్నగా మెరుస్తుంది. ఆ రోజు పనిబట్టల కింద ఆదివారం చర్చికి వేసుకునే తెల్లచొక్కా తొడుక్కున్నాడు. మెడ దాకా బొత్తాలు పెట్టుకున్నాడు. మధ్యాహ్నం రెండింటికి పరీక్ష.

గాజుపెట్టె పక్కన మేకుకు దారం కట్టి ఒక ఎర్ర పెన్సిల్ వేలాడుతూ ఉంటుంది. ఎన్ని పెన్సిళ్ళు అరిగిపోయినా మేకు అదే. గీత ఎక్కడ పడిపోతే అక్కడ, ఎందుకు పడిందో రాసి, పక్కన తన పేరు పొడి అక్షరాలు వేయాలి. క్లియోఫాను పనిలో పెట్టుకున్న పాత మేస్త్రీ ఆర్సెన్ ఆయనకు నేర్పింది రెండే ముక్కలు. "కారణం తెలియకుండా పేరు రాయకు. పేరు రాయకుండా మూత తియ్యకు." సగం ఉడికిన డబ్బా ఒక్కటి గడప దాటినా తిన్న ఇంట్లో శవం లేస్తుందని ఆర్సెన్ చెప్పేవాడు. ఆర్సెన్ పోయి పందొమ్మిదేళ్ళయింది.

వసంతంలో ఫ్యాక్టరీ చేతులు మారింది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అన్నారా! కొత్తవాళ్ళు వచ్చీ రాగానే కుక్కర్ల దగ్గర కంప్యూటర్ తెర బిగించారు, తర్వాత మనుషుల మీద పడ్డారు. యంత్రం ముట్టుకునే ప్రతివాడూ పటాలూ గ్రాఫులూ చదివే పరీక్ష రాయాలట. మార్కులను బట్టి మెట్లు. నాలుగో మెట్టు ఎక్కినవాడు ఉంటాడు, ఎక్కనివాడు ఆ రోజే గుర్తింపు కార్డు ఇచ్చేసి వెళ్ళాలి. చిలగడదుంపలు తవ్వడానికి ఎనిమిదో తరగతిలో బడి మానేసిన మనిషి క్లియోఫా. భార్య ఎర్లీన్‌కు చక్కెర జబ్బు. ఆమె ఇన్సులిన్ ఈ ఫ్యాక్టరీ ఇచ్చిన బీమా మీదే వస్తుంది. ఉద్యోగం పోతే మందు పోయినట్టే. మూడు వారాలుగా ఆ సంగతి ఇద్దరూ నోటితో అనుకోలేదు గానీ, అన్నం ముందు కూర్చున్నా పక్క మీద పడుకున్నా ఇద్దరి మధ్యా అదే ఉంది.

పాఠం చెప్పింది ఎర్లీనే. ఇరవై ఆరేళ్ళు బడి బస్సు నడిపి, పారిష్‌లో, అంటే ఆ జిల్లాలో, సగం మంది పిల్లల్ని అదుపులో పెట్టిన మనిషి. రోజూ సాయంత్రం వంటింటి బల్ల మీద కంపెనీవాళ్ళిచ్చిన పుస్తకం తెరిచేది. మొదటి రోజే ఒక గుండ్రటి బొమ్మ వచ్చింది.

"ఇది ఒక కొట్లో అమ్మిన బూట్లు. నల్ల బూట్లు ఎన్నో చెప్పు."

క్లియోఫా కళ్ళద్దాలు సర్దుకుని చాలాసేపు చూశాడు. "ఏడింటి నించి ఒంటిగంట దాకా."

"ఏంటీ?"

"చూడవే. పావు చుట్టు కదా. ఆరు గంటలు. గీత కూడా వొణకలేదు, బాగా నడిచింది."

"నేను బూట్లు అడిగితే నువ్వు గంటలు చెబుతావేంటయ్యా! ఆరు గంటల సేపు బూట్లు ఉడకబెట్టావా?"

ఎర్లీన్ నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. నవ్వయ్యాక ఆమె ముఖంలో భయం కనిపించింది. లేచి వెళ్ళి పక్కింటావిడ పంపిన చిలగడదుంప తీపిరొట్టె పళ్ళెంతో సహా తెచ్చి బల్ల మీద పెట్టి, కత్తితో నాలుగు ముక్కలు కోసింది. "ఇది గడియారం కాదు. ఇది నీ పనికిమాలిన కుక్కరూ కాదు. రొట్టె. ఎవడికెంత ముక్క, అంతే. చెప్పు, నీ ముక్కెంత?" తాను తినకూడని రొట్టెను ఆ వారమంతా కోస్తూనే ఉంది. క్లియోఫా తింటూ నేర్చుకున్నాడు. కడ్డీల బొమ్మలు వచ్చాయి. అడ్డం నిలువు గళ్ళ పట్టికలు వచ్చాయి. గుండ్రంగా తిరగకుండా ఎడమ నుంచి కుడికి తిన్నగా పోయే గీతలు కూడా చివరికి లొంగాయి. కాకపోతే మెల్లగా. ముప్పై ఎనిమిది ప్రశ్నలకు యాభై అయిదు నిమిషాలు. ఎర్లీన్ గోడ గడియారం చూస్తూ చదివిస్తే ప్రతిసారీ నాలుగైదు మిగిలిపోయేవి.

పరీక్ష రోజు పొద్దున తొమ్మిదీ పదికి మూడో నంబరు గీత జారింది. అవతల తొక్క తీసే యంత్రానికి ఒక్కసారిగా ఆవిరి వదిలారు. ఆ యంత్రం ఎప్పుడు ఆవిరి లాక్కున్నా ముందు ఆవలించేది ఈ మొండి మూడో నంబరే. తెర మీద అంకెలు కొంచెం తగ్గి మళ్ళీ పైకొచ్చాయి. క్లియోఫా తెర వైపు చూడలేదు. చేత్తో తిప్పే కవాటం తెరిచి, గొట్టం మీద రెండుసార్లు తట్టి, ముల్లు మళ్ళీ తన దారిలోకి వచ్చేదాకా కదలకుండా నిలబడ్డాడు. ఆ తర్వాత ఉడికే సమయం లెక్కపెట్టే గడియారాన్ని మళ్ళీ సున్నా నుంచి మొదలుపెట్టి మొత్తం సరుకు ఇంకోసారి ఉడికించాడు. ఎర్ర పెన్సిల్ అందుకుని చక్రం మీద చిన్న అక్షరాలతో రాశాడు: తొక్క యంత్రం ఆవిరి లాగింది. మళ్ళీ మొదటినుంచి ఉడికించాను. సి.ఎస్. అక్షరాలు ఎప్పటిలాగే తిన్నగా పడ్డాయి.

మధ్యాహ్నం భోజనం గదిలో హాలిస్ రిషార్ ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. సరుకు ఎత్తే బండి నడుపుతాడు, క్లియోఫా కన్నా పదేళ్ళు చిన్న. పోయిన వారమే పరీక్ష దాటాడు.

"అన్నం ముట్టుకోలేదేంటన్నా? వొదిన చేసిన పులుసుకి ఇంత అవమానమా?"

"దిగడం లేదురా. గుండెల్లో రైళ్ళు పరిగెడుతున్నాయి."

"నా మాట విను. తెలిసిందానికి జవాబు కొట్టు. తెలియనిదానికి ఇచ్చిన జవాబుల్లో 'సి' కొట్టు. ఆగకు. నేను ఆఖర్న తొమ్మిదింటికి కళ్ళు మూసుకుని 'సి' కొట్టా. నాలుగో మెట్టు!"

"తెలియకుండా ఎలా కొడతాం?"

"వేలితో!" హాలిస్ పకపకా నవ్వాడు. క్లియోఫా ముఖం చూసి నవ్వు మింగేశాడు. "అన్నా, అది కాగితం కూడా కాదు, కంప్యూటరు. దాని మీద నీ సంతకమేం ఉండదు. వొదినని తల్చుకుని కొట్టేయ్."

హాలిస్ క్లియోఫా క్యారేజీలోని అన్నం సగం తనే తినేసి లేచాడు.

పరీక్ష పైఅంతస్తు ఆఫీసులో. పెట్టింది మిస్ డార్సీ. ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి, చల్లని మాట. గదిలో చల్లగాలి యంత్రం మరీ ఎక్కువగా వీస్తుంటే, చెమట ఆరని ఆదివారం చొక్కా క్లియోఫా వీపుకు అంటుకుపోయింది.

మొదట్లో బాగానే నడిచింది. బస్సుల పట్టిక వచ్చింది, వెనకనుంచి ఎర్లీన్ గొంతు వినిపించినట్టే అయింది. గుండ్రటి బొమ్మ వచ్చింది. అది రొట్టె అనుకున్నాడు, రొట్టే అయింది. ఆ ఒక్కసారి పెదవి చివర నవ్వు కూడా వచ్చింది. పదహారు ప్రశ్నలకు ఇరవై నిమిషాలు. ఇంత వేగం వంటింట్లో కూడా ఎప్పుడూ రాలేదు.

పదిహేడో ప్రశ్న ఒక పాల ఫ్యాక్టరీది. పాలు కాచే తొట్టి వేడి, ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా. ఎడమ నుంచి కుడికి పోయే గీత. అత్యధిక వేడి ఏ గంటకు నమోదయిందని ప్రశ్న. రెండింటికి. చిన్నపిల్లాడు కూడా చెబుతాడు. క్లియోఫా జవాబు నొక్కాడు. కానీ పక్క ప్రశ్నకు పోవడానికి చేయి రాలేదు. ఎందుకంటే పదీ నలభై దగ్గర గీత పడిపోయింది. జారడం కాదు, ధబీమని పడింది. పది నిమిషాలు కిందే ఉండి మళ్ళీ పైకొచ్చింది. పక్కన ఒక్క అక్షరం రాసి లేదు. ఎవరి పేరూ లేదు.

మొహం తెరకు దగ్గరగా పెట్టి చూశాడు. కింద ఏమైనా రాశారేమోనని వెతికాడు. మూత తీశారా? ఆ పాలు ఏమయ్యాయి? ఇది ఉత్తుత్తి పాలని, ఉత్తుత్తి తొట్టి అని ఆయనకు తెలియక కాదు. ఎర్లీన్‌ని తల్చుకున్నాడు. ముందుకు పో అనుకున్నాడు. పోయి, పద్దెనిమిదో ప్రశ్న రెండుసార్లు చదివి, ఏమీ బుర్రకెక్కక మళ్ళీ వెనక్కే వచ్చాడు. చివరికి బళ్ళో పిల్లాడిలా చేయెత్తాడు.

"మిస్ డార్సీ, ఇక్కడ పదీ నలభైకి పడిపోయింది చూడండమ్మా. ఆ సరుకు పక్కన పెట్టారో లేదో ఎక్కడా రాయలేదు."

ఆమె వంగి చూసింది. "అది ప్రశ్నలో లేదండీ మిస్టర్ సిమియెన్. అడిగినదానికి జవాబు చెబితే చాలు. టైము చూసుకోండి."

టైము చూసుకున్నాడు. తొమ్మిది నిమిషాలు పోయాయి. ఆ తర్వాత పరుగే పరుగు. అంకెలు అలుక్కుపోయాయి, అరచేతుల్లో చెమట పట్టింది, మౌస్ జారింది. ముప్పై మూడో ప్రశ్న అయ్యేసరికి తెర మూలన ఎర్రగా ముప్పై సెకన్లు కనిపించాయి. ఇంకా అయిదు ఉన్నాయి. 'సి' అయిదుసార్లు కొట్టడానికి ముప్పై సెకన్లు ధారాళంగా సరిపోతాయి. వేలు 'సి' మీదే ఉంది. ఎర్లీన్ ఇన్సులిన్ ఫ్రిజ్ తలుపు అరలో గుడ్ల పక్కన ఉంటుంది, ఆ సీసాలు కళ్ళ ముందు కనబడుతున్నాయి. కొట్టు, కొట్టరా వెధవా అని తనను తానే తిట్టుకున్నాడు. వేలు దిగలేదు.

తెర ఆరిపోయి, మళ్ళీ వెలిగి, మూడో మెట్టు అని చూపించింది.

"అయ్యో," అంది మిస్ డార్సీ. నిజంగానే అంది. "ఒక్క ప్రశ్న... ఇంకొక్కటి వచ్చుంటే నాలుగండీ." ఏనుగు వెళ్ళి తోక చిక్కడమంటే ఇదే. ఆరు నెలల తర్వాత మళ్ళీ రాయొచ్చనీ, అప్పటికి ఖాళీ ఉంటే పిలుస్తారనీ చెప్పింది. చెబుతూ కార్డు కోసం చేయి చాపలేక బల్ల మీదున్న ట్రేను ఆయన వైపు జరిపింది. క్లియోఫా మెడలోంచి కార్డు తీసి ట్రేలో పెట్టాడు. ఫోటోలో జుట్టు ఇంకా నల్లగా ఉంది.

"కింద నా పని..."

"కార్డు లేకుండా లోపలికి పంపకూడదండీ. మీ సామాను నేను తెప్పిస్తాను."

"సామానేం లేదమ్మా. రేపు ఏడింటికి చక్రాలు మార్చాలి. మూడో నంబరుది మర్చిపోవద్దని చెప్పండి. తొక్క యంత్రం పెట్టినప్పుడల్లా పడుతుంది. పడితే ఎందుకో రాయాలి."

ఆమె పసుపు చీటీ మీద అంతా రాసుకుంది. తప్పకుండా చెబుతానంది. ఆయన బయటి మెట్ల దగ్గరికొచ్చి, కమ్మీ పట్టుకుని, ఒక్కొక్క మెట్టే దిగి వెళ్ళిపోయాడు.

ఎర్లీన్ వాకిట్లో కూర్చుని బెండకాయలు తరుగుతోంది. బండి తలుపు వేసిన చప్పుడుకే ఆమెకు సంగతి అర్థమైంది.

"ఎన్ని తక్కువ?"

"ఒకటి."

కత్తి కింద పెట్టింది. ఆయన మెట్టు మీద కూర్చుని పాల తొట్టి సంగతంతా చెప్పాడు. వింటున్నకొద్దీ ఆమె ముఖం ఎర్రబడింది.

"ఎవడి పాలో విరిగితే నీకెందుకయ్యా! ఎక్కడా లేని పాలు! వాటిమీదున్న దయ నామీద లేకపోయిందా?"

"ఆఖర్న 'సి' కొట్టినా వచ్చేదేమో."

"మరి కొట్టలేకపోయావా?"

"చెయ్యి రాలేదే."

ఎర్లీన్‌కు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. ఏడుస్తూనే ఆయన ఎడమ చేతిని ఒళ్ళోకి తీసుకుని, ఆ నున్నటి మచ్చ మీద బొటనవేలితో రాస్తూ కూర్చుంది. ఫ్రిజ్‌లో మూడు వారాలకు సరిపడా మందు ఉంది.

మర్నాడు పొద్దున నాలుగున్నరకే క్లియోఫాకు మెలకువ వచ్చింది. పనిబట్టలు తొడుక్కుని, బూట్ల తాళ్ళు కట్టుకున్నాక గుర్తొచ్చి, మంచం పట్టె మీద అలాగే కూర్చుండిపోయాడు.

ఫ్యాక్టరీలో కుక్కర్ల దగ్గర హాలిస్‌ని నిలబెట్టారు. నాలుగో మెట్టువాడు కదా. పసుపు చీటీ అతని జేబులో ఉంది. రెండుసార్లు చదువుకున్నాడు కూడా. కానీ ఏడింటికి డబ్బాల బళ్ళు మూడు ఒకేసారి వచ్చాయి, తెర ఎలాగూ అంతా రాసుకుంటోంది, ఆ సందడిలో చీటీ సంగతి మరిచిపోయాడు. మూడో నంబరు గాజుపెట్టెలో ముల్లు నిన్న బయలుదేరిన చోటికి వచ్చి, నిన్నటి గీత మీదెక్కి నడవసాగింది. తొమ్మిది దాటాక తొక్క యంత్రం ఆవిరి లాగింది. ముల్లు జారి, ఎర్రటి 'సి.ఎస్.' మీదుగా అడ్డంగా పోయి, కాసేపటికి మళ్ళీ పైకెక్కింది. ఉడకడం అయిపోయిందని తెర మీద పచ్చదీపం వెలిగింది. హాలిస్ చక్రం వైపు చూడకుండానే, ఏమీ రాయకుండానే మూత తీశాడు. గాజుపెట్టె పక్కన దారానికి కట్టిన ఎర్ర పెన్సిల్ ఆ అదురుకు గోడకు తగులుతూ కాసేపు ఊగింది.