చెల్లి నాచు మాత్రలు

చెల్లికి థైరాయిడ్. ఏడేళ్ళుగా పొద్దున్నే పరగడుపున మాత్ర వేసుకుంటుంది. మూడు నెలల కిందట, తను పనిచేసే దర్జీ దుకాణంలో పక్క మిషను మీద కుట్టే ఆవిడ ఓ సీసా తెచ్చి చేతిలో పెట్టింది. సముద్రపు నాచు ఎండబెట్టి, పొడి చేసి నింపిన గొట్టం మాత్రలట. జుట్టు రాలదట, నీరసం పోతుందట.

మొదట్లో చెల్లి హుషారుగానే ఉంది. తరవాత గుండె దడ, చేతుల వణుకు. సూదిలోకి దారం ఎక్కించమని నన్ను పిలవడం మొదలుపెట్టింది. నా కళ్ళు అంతంతమాత్రం.

నేను బడికి పోలేదు. పెద్దయ్యాక కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను, అందుకే ఏ కాగితాన్నీ వదలను. భూతద్దం పెట్టి సీసా వెనక చూశాను. అయోడిన్ ఉంటుందనీ, థైరాయిడ్ ఉన్నవారు వైద్యుల సలహా లేకుండా వాడరాదనీ చీమ తలకాయంత అక్షరాలు.

"ఆకూ అలమేగా, మందేమన్నానా!" అంది చెల్లి. "నువ్వు చదివితే ఉప్పు పొట్లంలోనూ చావే కనపడుతుంది."

"డాక్టరమ్మకి ఒక్క మాట చెబుదామే."

"చెప్పావో, ఆ పూటే మా అమ్మాయి దగ్గరికి పోతా. ఒక్కదానివే చదువుకుంటూ కూర్చో."

సీసా పక్కన పెట్టేశాను. అయినవాళ్ళని అంతమందిని సాగనంపాక ఈ రెండు గదుల్లో మిగిలింది మేమిద్దరమే.

ఆసుపత్రిలో డాక్టరమ్మ, ఏటా చేయించే రక్తపరీక్ష చూసి కనుబొమలు ముడిచింది.

"మాత్ర ఎక్కువైనట్టుందే. ఇంకేమైనా వాడుతున్నారా?"

"ఏమీ లేదండీ," అంది చెల్లి, చేతులు సంచి కింద దాచుకుని.

డాక్టరమ్మ కలం తీసింది. నేను నా సంచిలోంచి సీసా తీసి బల్ల మీద పెట్టాను. ఆ చప్పుడుకి నేనే ఉలిక్కిపడ్డాను.

డాక్టరమ్మ సీసా తిప్పి చదివింది. "అందరికీ చెడు చేస్తాయని కాదమ్మా, మీకు మాత్రం పడవు. అయోడిన్ సీసాకో రకంగా ఉంటుంది. ఈ సంగతి తెలియక నేను మీ మాత్ర మార్చేదాన్ని. ముందు ఇవి ఆపండి. ఆరు వారాలకి మళ్ళీ రక్తం చూద్దాం." ఆ రోజే గుండె పరీక్ష కూడా చేయించింది. భయం లేదంది, దడ పెరిగితే ఆగకుండా రమ్మంది.

 ఇంటికి రాగానే చెల్లి బట్టలు సర్దింది. బ్యాగు జిప్పు మాత్రం పడలేదు. వేళ్ళు నిలవడం లేదు. రెండుసార్లు లాగి, మంచం మీద కూలబడింది.

నేను వంగి జిప్పు వేశాను.

"సాగనంపడం నీకు బాగా అలవాటే," అంది.

"ఆరు వారాలకి రక్తపరీక్ష ఉంది," అన్నాను. "చీటీ బ్యాగు పై అరలో పెట్టాను."

"చూశాలే," అని బ్యాగు ఎత్తుకుంది.