పన్నెండుకి పన్నెండు

దర్జీ మాస్టారికి కాదనడం చేతకాదు. రేపటికల్లా కుట్టి ఇమ్మంటే కాదనలేడు. కొలతలు ఇచ్చి వెళ్లినవాడు పదిరోజుల తర్వాత వచ్చి కాలరు మార్చమన్నా కాదనలేడు. ఎవరింటికైనా భోజనానికి వెళ్తే మూడోసారి వడ్డించినా వద్దనలేక తినేసి, ఇంటికొచ్చి రెండు రోజులు లంఖణం చేసేవాడు. "మొహమాటానికి పోతే కడుపైందని ఊరికే అనలేదు. మీరు మగాడిగా పుట్టారు కాబట్టి సరిపోయింది," అనేది భార్య. ఆయన దానికీ తలూపేవాడు.

అలాంటి మనిషికి కింది దవడలో రెండు వైపులా జ్ఞానదంతాలు అడ్డం తిరిగి పడుకున్నాయి. నొప్పి భరించలేక ఆసుపత్రికి వెళితే, అక్కడి డాక్టరమ్మ ఎక్స్‌రే చూపించి, పదకొండు పేజీల కాగితం ముందు పెట్టింది.

"మేమొక పరిశీలన చేస్తున్నాం మాస్టారూ. ఒక వైపు పన్ను మామూలు డ్రిల్లుతో తీస్తాం. రెండో వైపు కొత్త మిషనుతో. అది ఎముకని కోస్తుంది కానీ పక్కనున్న నరం జోలికి పోదని అంటున్నారు. నిజమో కాదో తేల్చాలి. ఏ వైపు దేంతో తీశామో మీకు చెప్పం. ఆపరేషన్ చేసేది పెద్ద డాక్టరుగారు, తర్వాత పరీక్షించేది నేను. నాక్కూడా తెలీదు. చీటీలో ఏది వస్తే అది."

ఇష్టం లేకపోతే ఎప్పుడైనా తప్పుకోవచ్చని చెప్పింది. ఇంకో షరతు కూడా రెండుసార్లు చదివి వినిపించింది. మొదటి వైపు నరం దెబ్బతిని పెదవికి స్పర్శ తిరిగి రాకపోతే, రెండో వైపు ముట్టుకోరు. మాస్టారికి కుడివైపు నరం పన్ను వేళ్లకి మరీ ఆనుకుని ఉందట, అందుకని ముందు ఎడమ వైపు తీస్తారట. ఆయన అన్నింటికీ సరేనని సంతకం పెట్టాడు. నొప్పి ఎంతుందో గుర్తు పెట్టమని పది సెంటీమీటర్ల గీత ఒకటి ఇస్తే, ముందు మెడలో టేపు తీసి ఆ గీతని కొలిచాడు. కొలత సరిగ్గా ఉందని ఒప్పుకున్నాకే గుర్తు పెట్టాడు. డాక్టరమ్మ పడీపడీ నవ్వింది.

ఎడమ పన్ను వచ్చేసింది. మత్తు దిగింది కానీ, కింది పెదవి ఎడమ సగం, దాని కింద గడ్డం మాత్రం నిద్ర లేవలేదు.

దర్జీకి పెదవులంటే మూడో చెయ్యి. చొక్కా తొడిగించి చూసేటప్పుడు గుండుసూదులన్నీ పెదాల మధ్యే ఉంటాయి. ఏ సూది తల ఎటుందో నాలుక పెట్టకుండానే తెలియాలి. ఇప్పుడు ఎడమ వైపు పెట్టుకున్న సూది ఎప్పుడు జారిపోయిందో తెలియడం లేదు. ఒకరోజు తెల్ల చొక్కా మీద ఎర్ర చుక్కలు కనిపిస్తే బట్టకి రంగు అంటిందేమోనని కంగారుపడ్డాడు. చూస్తే అది తన పెదవి నుంచి కారిన రక్తం. టీ తాగుతుంటే గడ్డం మీదికి కారేది. భార్య పైటచెంగుతో తుడిచి, "పసిపిల్లాడు నయం," అనేది.

ఆపరేషన్ అయిన వారానికి మొదటి పరీక్ష. మాస్టారు నిజం చెప్పాలనే వెళ్లాడు. కానీ ఆయనకి ముందు లోపలికి వెళ్లిన పేషెంటు వాపు తగ్గలేదని కేకలు వేశాడు. పెద్ద డాక్టరు వచ్చి అందరి ముందూ డాక్టరమ్మని కడిగి పారేశాడు. మాస్టారు వెళ్లేసరికి ఆవిడ కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఎలా ఉంది మాస్టారూ?"

"బాగుందమ్మా," అన్నాడు. ఇంకో వారంలో స్పర్శ అదే వస్తుంది, ఈ పిల్లని ఇంకా ఏడిపించడం దేనికి అనుకున్నాడు.

తర్వాత కళ్లు మూసుకోమంది. దూదిని పోగులా చేసి పెదవి ఎడమ సగం మీద పన్నెండు సార్లు తాకిస్తుంది, తగిలినప్పుడల్లా వేలెత్తాలి. ఆయన కళ్లు మూసుకున్నాడు. గది నిశ్శబ్దంగా ఉంది. ఆవిడ చెయ్యెత్తగానే గంజి పెట్టిన తెల్లకోటు మోచేతి దగ్గర సర్రుమంది. ముప్ఫై ఏళ్లు బట్టల మధ్య బతికిన చెవి అది. నూలుబట్ట ఎక్కడ మడత పడిందో చూడకుండా చెప్పగలదు. సర్రుమన్నప్పుడల్లా వేలు దానంతటదే లేచింది. తగిలిందేమోనని తనకే అనిపించింది కూడా.

"పన్నెండుకి పన్నెండు!" అంది డాక్టరమ్మ. ఆ రోజు మొత్తంలో ఆవిడ నవ్వడం అదే మొదటిసారి. ఆ నవ్వే మాస్టారి కొంప ముంచింది.

రెండోసారి నిజం చెబుదామంటే మొదటి అబద్ధం అడ్డొచ్చింది. మూడోసారికి రెండు అడ్డొచ్చాయి. ప్రతిసారీ పన్నెండుకి పన్నెండే. భార్య, "పెదవి సంగతి చెప్పారా?" అంటే, "చెప్పాను, అదే వస్తుందంది," అని అక్కడా ఒకటి వేశాడు. ఒక అబద్ధాన్ని కాయడానికి రోజుకొకటి కుట్టుకుంటూ పోవలసి వచ్చింది. ఆర్నెల్లు గడిచాయి. ఆసుపత్రిలో ఆయనకి మంచి పేషెంటని పేరు కూడా వచ్చేసింది. కొత్తగా వచ్చి భయపడేవాళ్లని నర్సు ఆయన పక్కన కూర్చోబెట్టేది. ఆయన తేలు కుట్టిన దొంగలా చిరునవ్వు నవ్వేవాడు.

చివరికి కుడివైపు పన్ను తీసే రోజు వచ్చింది. భార్యతో కలిసి బెంచీ మీద కూర్చున్నాడు. ఎదురుగా ఆపరేషన్ గది తలుపు. అటు సగం పోయింది, ఇటు సగం కూడా పోతే సూదులు ఎక్కడ పెట్టుకోవాలి? ఉదయం నుంచీ అదే ఆలోచన. లేచి వెళ్లిపోవచ్చు, కాగితంలో ఆ మాట ఉంది. కానీ ఎందుకు వెళ్తున్నారని ఆవిడ అడుగుతుంది కదా. ఆ ఒక్క ప్రశ్నకి భయపడి దవడ కోయించుకోవడానికి సిద్ధపడ్డ మనిషిని ఏమనాలి? నిండా మునిగినవాడికి చలేమిటని తనకి తనే చెప్పుకున్నాడు. కానీ చలేస్తూనే ఉంది.

పక్కన ఒక టీచరమ్మ వచ్చి కూర్చుంది. చేతిలో అవే పదకొండు పేజీలు, ఇంకా సంతకం పెట్టలేదు.

"మాస్టారంటే మీరేనాండీ? నర్సు చెప్పింది. రోజంతా పాఠాలు చెప్పుకునేదాన్ని, మూతి మొద్దుబారితే నా గతేంటని భయంగా ఉంది. మీకేమీ కాలేదటగా?"

మాస్టారి భార్య కుట్టుకుంటున్న గుండీ ఆపి, తలెత్తి చూసింది.

ఏమీ కాలేదంటే ఆర్నెల్లుగా డాక్టరమ్మకి అసలు చెప్పనేలేదని భార్యకి తెలిసిపోతుంది. అయిందంటే డాక్టరమ్మకి చెప్పింది అబద్ధమని తేలిపోతుంది. అడకత్తెరలో పోకచెక్కలా ఇద్దరి మధ్యా ఇరుక్కున్నాడు.

"మిమ్మల్ని చూశాకే కాస్త ధైర్యమొచ్చింది," అంటూ టీచరమ్మ కలం తీసింది.

"ఏమండీ?" అంది భార్య మెల్లిగా.

లోపలి నుంచి నర్సు ఆయన్ని పిలిచింది. మాస్టారు లేచి, "కాసేపు సంతకం పెట్టకండమ్మా," అని టీచరమ్మతో ఒక్క మాట చెప్పి, భార్య మొహం చూడకుండా లోపలికి వెళ్లాడు. డాక్టరమ్మ ఆయన ఫైలు తిరగేస్తోంది.

"డాక్టరమ్మా, నా పెదవికి స్పర్శ లేదు. మొదటి రోజు నుంచీ లేదు."

డాక్టరమ్మ నవ్వింది. "భయమేస్తోందా మాస్టారూ? రెండో ఆపరేషన్ అనగానే అందరూ ఏదో ఒకటి చెబుతారు. నిన్నొకాయన బామ్మకి జ్వరమన్నాడు. ఆయన వయసు డెబ్బై."

"ఒట్టమ్మా, నిజం."

"ఇదిగో చూడండి." ఫైలు తిప్పి చూపించింది. ఐదు పరీక్షలు, ఐదు సార్లూ పన్నెండుకి పన్నెండు. "మా దగ్గరున్న వాటిలో మీదే చక్కటి ఫలితం. మొన్న మీటింగులో కూడా చూపించాను. స్పర్శ లేనివాళ్లు అన్నిసార్లు కరెక్టుగా వేలెత్తలేరు మాస్టారూ."

ఆర్నెల్లు అబద్ధం చెబితే ఒక్కరూ అనుమానపడలేదు. ఇప్పుడు నిజం చెబితే వినే దిక్కు లేదు. తన వేలే తన మీద సాక్ష్యం చెబుతోంది.  కుర్చీ పక్కన ట్రేలో మత్తుసూది సిద్ధంగా ఉంది.

"మీ కోటు, అమ్మా," అన్నాడు చివరికి.

"నా కోటా?"

"గంజి ఎక్కువ పెడుతున్నారు. చెయ్యెత్తినప్పుడల్లా మోచేతి మడత సర్రుమంటుంది. అది విని వేలెత్తాను. అన్నిసార్లూ అంతే. ఆ మొదటిరోజు మీరు ఏడ్చి ఉన్నారు. చెప్పబుద్ధి కాలేదు. తర్వాత చెప్పడానికి మొహం చెల్లలేదు."

డాక్టరమ్మ కుడిచెయ్యి పైకెత్తింది. సర్రుమంది. దించింది. నవ్వు పోయింది. ఇంకేమీ అనకుండా కోటు విప్పి తలుపు కొక్కేనికి తగిలించి, పొట్టిచేతుల చొక్కాతో వచ్చి ఎదురుగా కూర్చుంది.

"కళ్లు మూసుకోండి మాస్టారూ."

మూసుకున్నాడు. చెవులు రిక్కించాడు. నడవలో బండి ఏదో గరగరలాడుతూ పోయింది. తలుపవతల భార్య దగ్గింది. ఎక్కడో కుళాయి కారుతోంది. గదిలో మాత్రం చడీచప్పుడూ లేదు. ఈవిడ పెద్ద డాక్టరుని పిలవడానికి వెళ్లిందేమోననుకున్నాడు. వేలు ఎత్తడానికి సిద్ధంగా మోకాలి మీద పెట్టుకుని చాలాసేపు ఎదురుచూశాడు.

"మొదలుపెట్టండమ్మా. నేను సిద్ధమే," అన్నాడు.

"అయిపోయింది మాస్టారూ."

కళ్లు తెరిచాడు. ఆవిడ జానెడు దూరంలో ఉంది. చేతిలో దూదిపోగు తడిసి ఉంది.

"పన్నెండు సార్లూ తాకాను. ఆఖరి రెండు సార్లు గట్టిగా కూడా నొక్కాను."

 ఇన్నాళ్లూ మాస్టారికి తెలిసిన సంగతే. అయినా ఆ మాట ఆవిడ నోటి నుంచి వింటే గుండె జారిపోయింది.

"మళ్లీ వస్తుందామ్మా?"

"మొదటి వారంలోనే చెప్పి ఉంటే మందులు మొదలుపెట్టేవాళ్లం. రెండు మూడు నెలల్లో చెప్పినా నరాన్ని తెరిచి చూసి సరిచేసే అవకాశం ఉండేది. ఇప్పుడు..." ఆవిడ కళ్లు దించుకుంది. "తెలీదు మాస్టారూ. కుడివైపు మాత్రం ముట్టుకోం."

లేచి గోడ దగ్గరికి వెళ్లింది. అక్కడ అరలో ముప్ఫై ఒక్క ఫైళ్లున్నాయి. వాటి అట్టల మీద చెయ్యి పెట్టి అలాగే నిలబడింది.

"వీళ్లందర్నీ ఆ కోటుతోనే పరీక్షించాను. వీళ్లలో ఎంతమంది నా మొహం చూసి బాగుందన్నారో ఇప్పుడు నాకెలా తెలుస్తుంది?"

పరవాలేదమ్మా అనే మాట అలవాటుగా మాస్టారి నోటిదాకా వచ్చింది. పళ్లు బిగించి ఆపాడు.

"ముందు బయట ఆ టీచరమ్మకి చెప్పండి. మా ఆవిడకి నేను చెప్పుకుంటాను," అన్నాడు.

ఆవిడ కోటు లేకుండానే బయటికి వెళ్లింది. మాస్టారు ఆ కుర్చీలో ఒక్కడే కూర్చుని ఏడ్చాడు. కన్నీళ్లు వెచ్చగా ఎడమ చెంప మీదుగా జారాయి. గడ్డం దగ్గరికి వచ్చేసరికి ఏమయ్యాయో ఆయనకి తెలియలేదు. కిందికి చూస్తే చొక్కా తడిసి ఉంది.